నంబరు వేసిన ఓటు

వ్యాను తలుపు మొదటిసారి పడ్డప్పుడు పొరపాటేమో అనుకుంది ఆంజనమ్మ. గల్ఫులోని అల్ హిలాల్‌లో పొద్దుటి నుంచి మూడు విల్లాలు కడిగి వచ్చింది. పొద్దు వాలుతోంది, ఎండ మాత్రం తగ్గలేదు. బకెట్లూ మాపు కర్రలూ లోపల సర్ది, తానూ ఎక్కబోతూ తలుపు చట్రం పట్టుకుంది. బయట నిలబడ్డ సూపర్‌వైజర్ చిన్నప్ప తలుపు లాగాడు. ఇనుప తలుపు ఆమె కుడిచేతి నాలుగు వేళ్ళ మీదా పడింది. ఆమె అరిచింది. అతను తలుపు కాస్త వెనక్కి జరిపాడు, ఆమె మొహంలోకి చూశాడు, ఆమె చెయ్యి తీసుకునేలోపల ఈసారి రెండు చేతులతో లాగాడు.

ఎముక విరిగిన చప్పుడు వ్యానులో ఉన్న పదకొండు మందికీ వినపడింది.

"ఏ చేత్తో కర్పూరం ఆర్పితివో ఆ చేత్తోనే దానికి ఓటేస్తివి గదా వొదినా," అన్నాడు చిన్నప్ప. గొంతు పెంచలేదు. చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఆమె కళ్ళ ముందు విప్పాడు. "ఇది నీ నంబరే గదా? నేను నేర్పిచ్చిన నంబరే గదా?"

కాగితం మీద రెండు ఫోటోలున్నాయి. ఒకటి చిన్నప్పది, ఒకటి నజియాది. నజియా ఫోటో కింద టిక్కు. దాని కింద, చిన్నపిల్లల రాతలాగా పెద్దపెద్ద అంకెలతో 4417.

ఆంజనమ్మకు ఆ నొప్పిలోనూ తన రాత తనకు తెలిసింది. ఆమెకు వచ్చిన రాత అదొక్కటే మరి.

వ్యానులోంచి ఒక్కరూ దిగలేదు. డ్రైవర్ బాషా అద్దంలో ఒకసారి చూసి, చూపు రోడ్డు మీదికి తిప్పుకున్నాడు. "బాషా, యల్లా, పోనీ. ఆస్పత్రికని యాడన్నా ఆపితే నీ నంబరు గూడా నా జేబులోనే ఉండాది," అని చిన్నప్ప తన కారు వైపు వెళ్ళిపోయాడు. నడుస్తుంటే అతని బెల్టుకు ఎర్రదారంతో కట్టిన తాళంచెవి ఊగింది. ఆ తాళంచెవి కోసమే ఇదంతా.

చిన్నప్ప ఆమెకు పరాయివాడు కాదు. మొగుడికి చిన్నాయన కొడుకు, వరసకు మరిది. ఈ క్లీనింగ్ కంపెనీలో ఉన్న రాయచోటి వైపు ఆడవాళ్ళలో సగం మంది అతని చేతి మీదుగా వీసా తెచ్చుకున్నవాళ్ళే. మొగుడు రాళ్ళ క్వారీలో ఊపిరితిత్తులు చెడగొట్టుకుని మంచాన పడితే, ఆంజనమ్మను నలభయ్యో ఏట విమానం ఎక్కించింది చిన్నప్పే. విల్లాల వాళ్ళ దగ్గర కంపెనీ గంటకు ముప్పై అయిదు రియాళ్ళు తీసుకుంటుంది. ఆంజనమ్మకు నెలకు వెయ్యి. అందులోనే మొగుడి మందులు, ఇంటి బియ్యం. వచ్చిన మొదటి వారంలో ఆమె చేతిని తన చేతిలో పట్టుకుని అంకెలు దిద్దించింది కూడా అతనే. డ్యూటీ షీటు మీద నంబరు వెయ్యాలి. మెస్సు చీటీ మీద వెయ్యాలి. ఉతకడానికిచ్చే బట్టల సంచి మీద వెయ్యాలి. జ్వరం బిళ్ళ కావాలన్నా నంబరు వేస్తేనే ఇస్తారు. ఆ కంపెనీలో నంబరు లేని కాగితాన్ని ఆమె మూడేళ్ళలో ఎన్నడూ చూడలేదు.

అల్ వక్రాలో రెండంతస్తుల ఇంట్లో నలభై రెండు మంది ఆడవాళ్ళను ఉంచింది కంపెనీ. తలుపు ఒక్కటే. డ్యూటీ నుంచి రాగానే బయటి నుంచి తాళం పడుతుంది. ఇది మీ రక్షణ కోసమే అంటుంది కంపెనీ. ఊళ్ళో మొగుళ్ళూ అదే మాట అంటారు. ఆంజనమ్మ మొగుడు కూడా ఫోనులో దగ్గుతూనే "తాళముంటేనే మేలు, ఎవురూ ఒక మాట అనరు" అన్నాడు. ఆడది గల్ఫుకు పోయిందంటే నోటికొచ్చినట్టు వాగే ఊళ్ళకు ఆ తాళం గొప్ప సర్టిఫికెట్టు. లోపల ఉన్నవాళ్ళకు ఊపిరాడుతోందా అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

మే నెలలో వంటింట్లో వైర్లు అంటుకున్నాయి. పొగ మెట్లెక్కింది. కిటికీలకు ఊచలు. నలభై రెండు మంది తలుపును గుద్దుతూ ఉంటే, తాళంచెవి ఉన్న చిన్నప్ప రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. స్నేహితుడి ఇంట్లో భోజనానికి కూర్చున్నాడట, చెయ్యి కడుక్కుని వచ్చాడు. మంట మీద దుప్పట్లు వేసి ఆర్పబోయిన కృష్ణకుమారికి రెండు చేతులూ మోచేతుల దాకా ఉడికిపోయాయి. ఆమెను కట్లతోనే ఊరికి పంపించేశారు. మర్నాడు కొత్త వైర్లు వేశారు. తాళం మాత్రం పాతదే.

కంపెనీకి హోటల్ పని ఇచ్చే విదేశీ సంస్థ తరఫున మూడు నెలలకోసారి తనిఖీకి వచ్చే డెన్మార్క్ మేడం ఒకామె ఉంది. ఆమెకు ఈ సంగతి తెలిసింది. పనివాళ్ళు ఓట్లేసి తమ ప్రతినిధిని ఎన్నుకునే కమిటీ ఇక్కడి చట్టంలో ఉంది కదా, మీ దగ్గర ఏదీ అని హెచ్ఆర్ మేనేజర్ సుధాకరరావును నిలదీసింది. పనివాళ్ళందరినీ ఇండస్ట్రియల్ ఏరియాలోని మెస్సు హాల్లో కూర్చోబెట్టి మాట్లాడింది. ఆమె ఇంగ్లీషును తెలుగు చేసింది నజియా. హైదరాబాదు పిల్ల, ఇంటర్ చదివింది, హోటల్ గదుల పని చేస్తుంది.

ఆ రోజు మేడం తన ముత్తవ్వ సంగతి చెప్పింది. ఆ ముత్తవ్వ ఒక ఆసామి దగ్గర ఆవుల పాలు పిండే పనిమనిషి. ఆడవాళ్ళకూ, ఇళ్ళలో పనిచేసేవాళ్ళకూ ఓటు లేని రోజులు పోయి అప్పటికి అయిదేళ్ళేనట. పందొమ్మిది వందల ఇరవైలో వాళ్ళ రాజు తనకు గిట్టని మంత్రులను పీకేశాడు. పనివాళ్ళు దేశమంతా పని ఆపేస్తామన్నారు. రాజు దిగివచ్చాడు. ఆ ఒక్క ఏడాదిలోనే పార్లమెంటుకు మూడుసార్లు ఎన్నికలు జరిగాయి. మూడుసార్లూ ఆ పనిమనిషి పొలాలకు అడ్డంపడి నడిచిపోయి ఓటేసింది. మొదటిసారి పోయివచ్చినందుకు ఆసామి పాలబిందెతో వీపు మీద కొట్టాడు. రెండోసారి కూడు పెట్టలేదు. మూడోసారి కూడా పోయింది.

"మూడు మార్లా?" అంది ఆంజనమ్మ పక్కనున్న శివకుమారితో. తమ ఊళ్ళో అయితే ఒక్కసారికే నోటు, చీర, ప్రమాణం, అన్నీ అయిపోతాయి.

ఓటు రహస్యం అని మేడం నొక్కి చెప్పింది. "ఎవ్వలకు చూపెట్టద్దు, మలిచి డబ్బాలెయ్యాలె" అని నజియా తెలుగు చేసింది. ప్రతినిధిగా నిలబడ్డదీ నజియానే. ఆమె అడిగింది ఒకటే: తాళంచెవి తలుపు లోపలి వైపు ఉండాలి.

అటువైపు చిన్నప్ప నిలబడ్డాడు, అంటే సుధాకరరావు నిలబెట్టాడు. ఎన్నికకు ముందురోజు రాయచోటి వైపు ఆడవాళ్ళందరికీ మటన్ బిరియాని తెప్పించాడు చిన్నప్ప. తిన్నాక మెస్సు పళ్ళెంలో కర్పూరం వెలిగించి, వెంకటేశ్వరస్వామి పటం పెట్టి, ఒక్కొక్కరిచేత అరచేత్తో ఆర్పించాడు. ఊళ్ళో ఓట్లకు వాళ్ళ నాయకుడు చేయించేది ఇదే. అతను విమానంలో బట్టలతోపాటు దీన్నీ మోసుకొచ్చాడు. ఆంజనమ్మ కూడా ఆర్పింది. ఆర్పి, రాత్రంతా కృష్ణకుమారి చేతులు కళ్ళ ముందు కదులుతుంటే, పొద్దున నజియాకు వేసింది.

ఊళ్ళో అయితే మిషను మీద బొత్తం నొక్కి రావడమే, రాసే పనే లేదు. ఇక్కడ చేతికి పెన్నిచ్చారు, కాగితమిచ్చారు. ఆంజనమ్మ టిక్కు పెట్టింది. అలవాటు కొద్దీ కింద నంబరు వేసింది. వరసలో వెనకున్నవాళ్ళు ఎట్లా వెయ్యాలని అడిగితే, "కంపెనీ కాయితం గదమ్మా, నంబరెయ్యండి, ల్యాకుంటే అది మన ఓటు కాదంటారు" అని పెద్దరికంగా చెప్పింది కూడా. చెప్పినవన్నీ తూచా తప్పకుండా పాటించి, ఎవరికీ చూపించకుండా నాలుగు మడతలు పెట్టి డబ్బాలో వేశారు ముప్పై ఎనిమిది మంది.

నజియాకు నూట ముప్పై ఒకటి, చిన్నప్పకు డెబ్బై నాలుగు.

సుధాకరరావు ఏటా జెండా పండగనాడు ప్రజాస్వామ్యం మీద ఇరవై నిమిషాలు మాట్లాడే మనిషి. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, కొన్ని ఓట్ల మీద నంబర్లుండి కొన్నిటి మీద లేకపోవడం ప్రొసీజర్‌కు విరుద్ధం కనుక ఎన్నిక చెల్లదన్నాడు. వచ్చే శుక్రవారం మళ్ళీ పెడతామన్నాడు. గోల్‌మాల్ జరగకుండా ఈసారి ప్రతి ఓటు మీదా నంబరు ఉండి తీరాలని, నంబరు లేని ఓటు చెల్లదని నోటీసు అంటించాడు. డెన్మార్క్ మేడం అప్పటికే సెలవు మీద వెళ్ళిపోయింది. చెల్లని ఓట్లలోంచి నంబర్లున్న ముప్పై ఎనిమిదీ ఆదివారంకల్లా చిన్నప్ప జేబులోకి వచ్చాయి.

సోమవారం నుంచి అతను వరసగా మొదలుపెట్టాడు. శివకుమారిని మెస్సు వెనక పట్టుకుని గోడకేసి కొట్టి, కూరగాయల కత్తితో జడ కోసి ఆమె చేతికే ఇచ్చాడు. హోటల్లో పనిచేసే ఒక నేపాలీ పిల్ల మీద సలసల కాగే టీ పోశాడు. మగవాళ్ళలో ఇద్దరికి పళ్ళు రాలాయి. వదిన కదా అని ఆంజనమ్మను గురువారం దాకా ఆపాడు.

*

వ్యాను అల్ వక్రా చేరేసరికి ఆమె వేళ్ళు నల్లబడి అరటికాయల్లా ఉబ్బాయి. శివకుమారి మాపు గుడ్డ చింపి, వంటింటి గరిటె కాడ ఆసరాగా పెట్టి కట్టు కట్టింది. నజియా బిళ్ళలు మింగించింది. ఆ నీళ్ళ గ్లాసు ఇంకా ఆంజనమ్మ చేతిలో ఉండగానే, పొద్దుగూకి మసీదులో మగ్రిబ్ బాంగు వినపడుతున్న వేళ, చిన్నప్ప మరో ఇద్దరిని వెంటపెట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"నువ్వు పోటీలో ల్యావని రాసుండాది. సంతకం పెట్టు," అని స్టవ్ పక్కన కాగితం పరిచాడు.

"పెట్ట," అంది నజియా.

చిన్నప్ప బెల్టు విప్పాడు. దానికి కట్టిన తాళంచెవిని ఊడదీసి పళ్ళ మధ్య కరుచుకున్నాడు. తోడొచ్చినవాళ్ళు ఆమె చేతులు విరిచి పట్టుకున్నారు. బెల్టు బకిల్ మొదటి దెబ్బకు చెవి కింద పడింది. తర్వాత భుజం మీద, రొమ్ము మీద, మళ్ళీ మొహం మీద. ఎన్నని ఎవరూ లెక్కపెట్టలేదు. ఒక చెయ్యి విడిపించుకుని ఫోను తియ్యబోతే, దాన్ని లాక్కుని బండ మీద వేసి తొక్కాడు.

"పెడ్తావా?" అన్నాడు తాళంచెవి కరుచుకునే.

"పెట్ట."

జుట్టు పట్టుకుని ఆమె తలను స్టీలు సింకు అంచుకేసి కొట్టాడు. నుదురు చిట్లి నెత్తురు కాగితం మీద పడింది. ఆ కాగితం ఇక పనికిరాదని అతనికి అప్పుడు తోచి, ఇంకా కోపం వచ్చి, మళ్ళీ కొట్టాడు. ఆమె జారి కింద పడ్డాక కాలితో తన్నాడు. ముప్పై, నలభై మంది ఆడవాళ్ళు గుమ్మంలో, మెట్ల మీద నిలబడి చూశారు. ఆంజనమ్మ రెండడుగుల దూరంలో ఉంది. పక్కనే రోకలిలాంటి మాపు కర్ర ఉంది. ఎడమ చెయ్యి బాగానే ఉంది. ఆమె కదల్లేదు. ఊరు, మొగుడి మంచం, విమానం టికెట్టు, అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకొచ్చి కాళ్ళను పట్టేశాయి. ఆ రోజు తనను చూసి తనకే అసహ్యం వేసింది. ఇప్పటికీ వేస్తుంది.

వాళ్ళు వెళ్ళారు. బయట తాళం పడిన చప్పుడయింది.

నేల మీద కూర్చుని నజియా తలను ఒళ్ళో పెట్టుకుంది ఆంజనమ్మ. పసుపు అద్దితే మండి పిల్ల మూలిగింది.

"నంబరెయ్యమని అందరికీ చెప్పింది నేనే పాపా," అంది ఆంజనమ్మ. సోమవారం నుంచి చెప్పాలనుకుంటున్న మాట అది. "శివకుమారి జడ నేను తీపిచ్చినా. నిన్ను కొట్టిచ్చినా. కర్పూరమార్పి మాట తప్పితి గదా, దేవుడు ఇట్ల చేసినాడు."

నజియా మొహం ఆమె వైపు తిప్పింది. పెదవి వాచి మాట సరిగా రావడం లేదు.

"నంబరు సంగతి నాకు సుత తట్టలే అక్కా. నేను జెప్పాలె, చెప్పలే," అంది. "దేవుడేం జెయ్యలే. తలుపు గుంజింది చిన్నప్ప."

ఆంజనమ్మ కట్టు కట్టిన చేతిని చూసుకుంది. మాట చిన్నదే. నాలుగు రోజులుగా ఆమె స్వామికి మొక్కుకుంటున్న మొక్కులన్నీ ఆ మాట దగ్గర ఆగిపోయాయి. అవును, తలుపు లాగినప్పుడు అతని మొహం చూసింది కదా తను.

"ఆ పాలు పిండే ఆమె, మూడో మారు పొయ్యేటప్పుడు బయపడలేదంటనా?"

"మేడమ్‌ను అడగలే అక్కా. భయపడే ఉంటది. భయపడుకుంటనే పోయి ఉంటది."

*

శుక్రవారం పొద్దున ఆడవాళ్ళను వ్యాన్లు ఎక్కిస్తూ, నజియాను మాత్రం గుమ్మం లోపలికి తోసి తాళం వేశాడు చిన్నప్ప. ఆమె లేచి నిలబడలేక గోడ పట్టుకుని ఉంది. కిటికీ ఊచల వెనక కట్టు కట్టిన నుదురు కనిపిస్తుండగానే వ్యాన్లు కదిలాయి. ఈసారి బాషా అద్దంలోంచి చూపు తిప్పుకోలేదు, కానీ బండి మాత్రం నడిపాడు.

మెస్సు హాల్లో సుధాకరరావు బల్ల ముందు టీ తాగుతూ కూర్చున్నాడు. డబ్బా పక్కన చిన్నప్ప. ఒక్కొక్కరూ కాగితం తీసుకుని, అతని కళ్ళ ముందే టిక్కు పెట్టి, నంబరు వేసి, మడవకుండానే డబ్బాలో వేస్తున్నారు. మగవాళ్ళ వరస అయిపోయింది. ఎవరూ తలెత్తలేదు. చిన్నప్ప బొమ్మ కిందే టిక్కులు పడుతున్నాయి.

ఆడవాళ్ళ వరసలో మొదట ఆంజనమ్మ.

"సార్," అంది ఆమె సుధాకరరావుతో. "నజియాను లోపలేసి తాళమేసినారు. ఒక్కతే ఉండాది. వైర్లు మళ్ళా అంటుకుంటే యా దావన బయటికొస్తాది?"

"ఆ అమ్మాయికి ఒంట్లో బాలేదటమ్మా, రెస్ట్ తీసుకోనివ్వండి," అన్నాడాయన మెత్తగా. ఆమె కట్టు చూశాడు, చూడనట్టు చూపు టీ కప్పులోకి దించాడు. "మీరు ముందు ఓటు కానివ్వండి. అవతల వాళ్ళు వెయిట్ చేస్తున్నారు."

పెన్ను కుడిచేతిలో నిలవదు. ఎడమ చేతిలోకి తీసుకుంది. నంబరు వెయ్యకుండా వెళ్ళిపోవచ్చు, అప్పుడు ఓటు చెల్లదు, చెయ్యికి ఇంకేమీ కాదు. చిన్నప్పకు వెయ్యవచ్చు, అప్పుడు ఉద్యోగమూ ఉంటుంది. నజియాకు వేసి చెల్లుబాటు కావాలంటే మాత్రం నంబరు వెయ్యాల్సిందే, అతని కళ్ళ ముందే. క్రితం శుక్రవారం తెలియక వేసింది. ఇప్పుడు తెలుసు.

నజియా ఫోటో కింద టిక్కు పెట్టింది. గీత వంకరపోయింది. తర్వాత అంకెలు. ఎడమ చేతికి అలవాటు లేదు, ఒక్కో అంకె అరచెయ్యంత వచ్చింది. నాలుగు. నాలుగు. ఒకటి. ఏడు వెయ్యడానికి కాగితంలో చోటు చాలకపోతే, తిప్పి అంచున వేసింది. కాగితాన్ని మడవలేదు. చిన్నప్ప మొహం ముందు పట్టుకుంది.

"చదువుకో. నా నంబరే. నువ్వు నేర్పిచ్చిందే," అని డబ్బాలో వేసింది.

చెంపదెబ్బ హాలంతా మోగింది. ఆమె బల్ల మీద పడింది, టీ కప్పు దొర్లి కాగితాల మీద ఒలికింది. సుధాకరరావు లేచి, "చిన్నప్పా, ఇక్కడొద్దు," అన్నాడు. ఇక్కడొద్దు అన్నాడంతే.

ఆంజనమ్మ లేచింది. పెదవి తెగి నెత్తురు గడ్డం దాకా వచ్చింది. తుడుచుకోలేదు. వరసలోంచి పక్కకు తప్పుకోలేదు. కట్టు కట్టిన చేతిని ముందుకు చాపింది.

"తాళంచెవి ఇయ్యి."

"ఏందే?"

"అది వొక్కతే ఉండాది లోపల. తాళంచెవి ఇయ్యి చిన్నప్పా. నేను పోయి తలుపు తీస్తా."

ఆమె వెనక జడ లేని శివకుమారి ఉంది. బల్ల మీద దొర్లుతున్న పెన్ను కింద పడబోతుంటే పట్టుకుంది. ఓటు కాగితం కోసం సుధాకరరావు వైపు చెయ్యి చాపింది. ఆయన ఇవ్వలేదు. ఆమె చెయ్యి తియ్యలేదు. తలుపు దగ్గర బాషా వ్యాను తాళాలు గుప్పిట్లో పట్టుకుని లోపలికి ఒక అడుగు వేశాడు, అక్కడే ఆగాడు.

"ఇయ్యి," అంది ఆంజనమ్మ.

చిన్నప్ప చెయ్యి నడుం దగ్గరికి పోయింది. అక్కడ బెల్టూ ఉంది, తాళంచెవీ ఉంది.